కలరానా, మామూలు వాంతులూ విరేచనాలా? మా ఇంట్లో రెండూ చూసిన అనుభవం

ఈ కార్తీకం వానల్లో తిరుపతిలో మా ఇంట్లో ఇద్దరికి వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. ముందు మా పాపకి, అది తేరుకున్న కొద్ది రోజులకే మా మామయ్యకి. పక్కింటివాళ్ళు ఇద్దరిదీ ఒకటే జబ్బు అనుకున్నారు. కానీ పాపది ఇంట్లోనే తగ్గిపోయింది, మామయ్యని మాత్రం ఇంకాస్త ఆలస్యంగా తెచ్చి ఉంటే చేయి దాటిపోయేదని డాక్టరే చెప్పారు. ఆ రాత్రి ఫోన్లో వెతికితే నాకు తెలుగులో పనికొచ్చే ముక్క దొరకలేదు. అందుకే రెండింటికీ తేడా ఎక్కడ కనబడింది, ఆస్పత్రిలో ఏం చేశారు, తర్వాత మా వీధిలో ఏం జరిగింది, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పాపకి నాలుగేళ్ళు. దానికి మొదలైంది వాంతులతో. స్కూల్ నుంచి వచ్చి తిన్నదంతా కక్కేసింది, రాత్రికి ఒళ్ళు కాలిపోయింది, కడుపు పట్టుకుని ఏడ్చింది, తెల్లారాక గానీ పలుచగా వెళ్ళడం మొదలవలేదు. అవి కూడా కొద్దికొద్దిగా, పసుపురంగులో, పుల్లటి వాసనతో ఉండేవి. పిల్లల డాక్టరు చూసి వైరల్ గ్యాస్ట్రోఎంటరైటిస్, అంటే వైరస్ వల్ల వచ్చే వాంతులూ విరేచనాలూ అన్నారు. రోటా టీకా వేయించాం కదా సార్ అంటే (మన రాష్ట్రంలో 2016 నుంచి ఆ టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది), అది రోటా వైరస్ తీవ్రంగా రాకుండా కాపాడుతుంది గానీ నోరో వైరస్ లాంటివి వేరే చాలా ఉన్నాయమ్మా, స్కూళ్ళలో ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటాయి అన్నారు. యాంటీబయాటిక్ రాయలేదు, వైరస్‌కి అది పని చేయదు కాబట్టి. ఓఆర్ఎస్, రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు, అంతే. తిండి మాన్పించొద్దు, పెరుగన్నం, అరటిపండు, ఏది తింటే అది పెట్టమన్నారు. గ్లాసుతో ఒకేసారి తాగిస్తే కక్కేస్తుంది కాబట్టి చెంచాతో పట్టమని, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టమని చెప్పారు. అట్లాగే పట్టాను. విరేచనం అయిన ప్రతిసారీ అర గ్లాసు నుంచి గ్లాసు దాకా.

ఓఆర్ఎస్ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అడిగితే రంగురంగుల అట్టపెట్టెలో తియ్యటి పానీయం చేతిలో పెట్టడం చాలా ఏళ్ళుగా అలవాటైపోయింది. వాటిలో చాలావాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. ఎక్కువ చక్కెర పేగుల్లోకి ఇంకా నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడితే, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని చెప్పింది. ఆమెకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మనం అడగాల్సింది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి పాకెట్. 20.5 గ్రాముల పెద్ద పాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, అందులో సగం ఇందులో సగం అని కాదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకి సమంగా తల కొట్టి కొలవాలి.

పాపకి తగ్గింది. మళ్ళీ ఉరుకులు పరుగులు పెట్టి ఇల్లంతా పీకి పందిరి వేస్తుంటే హమ్మయ్య అనుకున్నాం.

మామయ్యకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆ రోజు సాయంత్రం ఒకటి రెండుసార్లు పలుచగా వెళ్ళారట, మాతో చెప్పకుండా మెడికల్ షాపులో ఏదో మాత్ర అడిగి తెచ్చి వేసుకున్నారు. ఆ మాత్ర యాంటీబయాటిక్ అని తర్వాత తెలిసింది. రాత్రి సంగటి తిని పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక బాత్‌రూమ్‌కి వెళ్తూనే ఉన్నారు, వస్తూనే ఉన్నారు. నేను లేచి అడిగాను.

"కడుపు నొప్పిగా ఉందా మామా?"

"నొప్పేం లేదమ్మా. జ్వరం కూడా లేదు. వట్టి నీళ్ళే పోతా ఉండాయి. నువ్వు పడుకో."

నొప్పి లేదు, జ్వరం లేదు అనేసరికి అత్తమ్మకి కాస్త ధైర్యం వచ్చింది. కానీ ఈ జబ్బులో మనిషిని మోసం చేసేది ఆ రెండూ లేకపోవడమే. కాసేపటికి బాత్‌రూమ్ దాకా వెళ్ళే ఓపిక లేక పక్కమీదే అయిపోయింది. బట్టలు మార్చడానికి వెళ్ళి చూశాను. మలం రంగు లేదు, ఆ వాసన లేదు, బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, అక్కడక్కడా పలుకుల్లాంటి తెల్లటి పొరలతో ఉంది. ఆ తర్వాతే వాంతులు మొదలయ్యాయి. పాపకి ముందు ఎంతసేపో వికారం, తర్వాత వాంతి. మామయ్యకి వికారం లేకుండానే నీళ్ళు నీళ్ళుగా బయటికి వచ్చేశాయి. తెల్లవారుతుండగా పిక్కలు పట్టేస్తున్నాయని అరిచారు, ఆ అరుపులో గొంతు లేదు, గాలి తప్ప. కళ్ళు లోపలికి పోయాయి. చేతివేళ్ళు ఎంతోసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి.

నేను ఓఆర్ఎస్ పడుతుంటే అత్తమ్మ అడ్డుపడింది. "పోసిందంతా కిందికే పోతాంది, ఎందుకమ్మా పోస్తావు, కడుపు ఎండబెడితే అదే కట్టుకుంటాది" అని. పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పే మాటే ఇది, మా ఊళ్ళలో ఎందరో ఇంట్లో వాళ్ళు ఇట్లాగే చెప్తారు. కానీ నీళ్ళు ఆపితే విరేచనాలు ఆగవు. పోసినా పోయకపోయినా లోపల నుంచి అవి వస్తూనే ఉంటాయి, ఒంట్లో ఉన్న నీళ్ళు తీసుకుని మరీ. ఆటో వచ్చేదాకా నేను గుక్క గుక్కగా పడుతూనే ఉన్నాను. వీధి చివరి చిన్న క్లినిక్‌లో ఒక బాటిల్ ఎక్కిస్తే సరిపోతుందని ఒకరు, పెద్దాస్పత్రికే పోదామని మా ఆయన. పెద్దాస్పత్రికే వెళ్ళాం.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు పిల్లే. మామయ్య మణికట్టు పట్టుకుని, మళ్ళీ ఇంకోచోట పట్టుకుని, నాడి సరిగా అందట్లేదు అంది. పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే ఆ మడత అట్లాగే నిలబడిపోయి మెల్లగా సర్దుకుంది. తర్వాత వరసగా అడిగింది. నొప్పా? జ్వరమా? రక్తం, జిగట ఉన్నాయా? ముందు వాంతులా, విరేచనాలా? ఏ రంగు? ఏం నీళ్ళు తాగుతారు? వీధిలో ఇంకెవరికైనా ఉందా? చివరికి నర్సమ్మ అడిగింది, "రాత్రి నించి ఒంటేలు పోసినాడా?" అని. లేదు. ఆ ఒక్క జవాబుకి వాళ్ళ చేతుల్లో వేగం పెరిగింది.

రెండు చేతులకీ సూదులు పెట్టారు. మా ఆయన గ్లూకోజ్ ఎక్కిస్తున్నారా అంటే డాక్టరమ్మ ఆపి మరీ చెప్పింది, ఇది గ్లూకోజ్ కాదు, ఆర్‌ఎల్ అని. రింగర్ లాక్టేట్. వట్టి గ్లూకోజ్ నీళ్ళలో సోడియం, పొటాషియం ఉండవు, ఈ మనిషి నీళ్ళతో పాటు పోగొట్టుకున్నది వాటినే. బరువెంత అని అడిగితే 60 కిలోల దాకా ఉంటారన్నాం. కిలోకి 100 మిల్లీలీటర్ల లెక్కన 6 లీటర్లు. అందులో కిలోకి 30 చొప్పున 1,800 మిల్లీలీటర్లు మొదటి అరగంటలోనే, మిగతా 4,200 తర్వాతి రెండున్నర గంటల్లో. వింటే నాకు గుండె ఆగినంత పనైంది. మనం సెలైన్ అంటే గంటల తరబడి చుక్క చుక్కగా పడేది అనుకుంటాం కదా, ఇక్కడ బాటిల్ మీద బాటిల్ ధారగా పోతోంది. పెద్దాయన కదా, గుండెకి ఇబ్బంది కాదా అని అడిగితే, అందుకే నేను మాటిమాటికీ వచ్చి ఊపిరితిత్తులు వింటున్నాను, కానీ ఇప్పుడు భయపడి మెల్లగా ఇస్తే కిడ్నీలు పోతాయి అంది. మంచం కింద బకెట్ పెట్టి ఎంత పోతోందో కొలిచారు. ఈ జబ్బు ముదిరితే పెద్దవాళ్ళకి గంటకి లీటరు దాకా పోవచ్చట.

సెలైన్ సగం అయ్యేసరికి మామయ్య నాడి తెలిసింది. అది పూర్తయ్యేలోపు గొంతు వచ్చింది. మొదట అన్న మాట "పాప ఏది?" నేను బయటికి వచ్చి వరండాలో కూర్చుని బాగా ఏడ్చేశాను.

ఆ రోజంతా నన్ను తొలిచిన ప్రశ్న, ఇది కలరానా అని. చిత్తూరు నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి "కలరా ఏంది వదినా, ఈ కాలంలోనా? ఎవరితోనూ అనబాకండి" అంది. డాక్టరమ్మని అడిగితే కాస్త తీరిక దొరికినప్పుడు ఓపిగ్గా చెప్పింది. మళ్ళీ ఇంటికొచ్చాక నేనూ చదివాను. గ్యాస్ట్రోఎంటరైటిస్ అంటే పొట్ట, పేగుల వాపు. అది వైరస్ వల్ల రావచ్చు, బాక్టీరియా వల్ల రావచ్చు. రోటా లాంటి వైరస్ పేగు గోడ మీది కణాలనే దెబ్బతీస్తుంది. షిగెల్లా లాంటి బాక్టీరియా పేగులోకి చొచ్చుకుపోతుంది, అందుకే జ్వరం, మెలిపెట్టే నొప్పి, రక్తం, జిగట. కలరా క్రిమి, విబ్రియో కలరే, అట్లా గోడను చీల్చదు. చిన్న పేగు మీద అంటుకుని ఒక విషపదార్థాన్ని వదులుతుంది. దాంతో పేగు కణాలు ఒంట్లోని క్లోరైడ్‌ని ఆపకుండా బయటికి తోసేస్తాయి, దాని వెంట సోడియం, నీళ్ళు. గోడ చెక్కుచెదరదు కాబట్టి సాధారణంగా నొప్పీ జ్వరమూ ఉండవు, రక్తం పడదు. మామయ్య "నొప్పేం లేదమ్మా" అన్నది అందుకే. ఆ విషం సంగతి 1959లో కలకత్తాలో కుందేలు పేగుల మీద ప్రయోగం చేసి నిరూపించినవాడు మన దేశపు డాక్టరే, శంభునాథ్ డే.

గోడ చెడిపోదు అన్నదానిలోనే మందు కూడా ఉంది. చక్కెరా ఉప్పూ కలిసి వస్తే పేగు వాటిని లోపలికి తీసుకునే దారి కలరాలో కూడా పని చేస్తూనే ఉంటుంది, వాటితో పాటు నీళ్ళూ వెళ్తాయి. ఓఆర్ఎస్ నిలబడింది దాని మీదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరంలో, పశ్చిమ బెంగాల్ బన్‌గావ్‌లో, కలరా విజృంభించి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పూ చక్కెర నీళ్ళు కలిపి బంధువుల చేతికే ఇచ్చి తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి వచ్చాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ తెల్లవారుజామున అత్తమ్మ వద్దంటున్నా నేను పట్టిన గ్లాసు వెనక ఇంత కథ ఉందని ఇప్పుడు తెలిసింది.

ఈ కాలంలో కలరా ఏంటన్న మా ఆడబిడ్డకి కూడా జవాబు దొరికింది. 1961లో ఇండోనేషియాలో మొదలైన ఏడో ప్రపంచవ్యాప్త కలరా మహమ్మారి ఇంకా ముగియనే లేదు. 1992లో కలరా క్రిమిలో ఓ139 అనే కొత్త రకం మొదట కనబడింది ఎక్కడో కాదు, మనకి కూతవేటు దూరంలోని మద్రాసులో.

ఇంత తేడా ఉంది కదా, మరి చూడగానే చెప్పెయ్యొచ్చా అంటే చెప్పలేం. ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. కలరా క్రిమి ఒంట్లోకి పోయినవాళ్ళలో ఎక్కువమందికి అసలేమీ కాదు, లేదా పాపకి అయినట్టు మామూలుగా ఒకటి రెండు రోజులు పలుచగా వెళ్ళి తగ్గిపోతుంది. ఆ మనిషిని చూసి కలరా అని ఏ డాక్టరూ కనిపెట్టలేరు. కానీ వాళ్ళ మలంలో 1 నుంచి 10 రోజుల దాకా క్రిమి బయటికి వస్తూనే ఉంటుంది. ఇటు నుంచి చూస్తే, ఈ-కోలై అనే బాక్టీరియాలో ఒక రకం కూడా అచ్చం ఇట్లాగే నీళ్ళ విరేచనాలు చేయగలదు. తేల్చేది ల్యాబ్ ఒక్కటే. దానికి రోజులు పడుతుంది, కలరా ముదిరితే మనిషికి ఉండేవి గంటలు. అందుకే క్యాజువాలిటీలో ఎవరూ పేరు కోసం ఆగలేదు. ఎంత నీరు పోయింది, ఎంత ఎక్కించాలి, అంతవరకే చూశారు. వైద్యం అందకపోతే తీవ్రమైన కలరాలో సగం మంది దాకా పోతారు, నీళ్ళు సరిగ్గా అందితే నూటికి ఒకరు కూడా పోరు.

శాంపిల్ మాత్రం మాత్ర ఇవ్వకముందే తీశారు. దూదిపుల్లతో తీసి, కేరీ-బ్లెయిర్ అనే జిగురులాంటి పదార్థం ఉన్న గొట్టంలో పెట్టి పంపారు, దారిలో క్రిమి చావకుండా. ల్యాబ్‌లో టీసీబీఎస్ అనే ఆకుపచ్చ పళ్ళెం మీద పెంచితే కలరా అయితే పసుపు చుక్కలు వస్తాయట. వాంతులు ఆగాక డాక్సీసైక్లిన్ 300 మిల్లీగ్రాములు ఒకే ఒక్క మోతాదు ఇచ్చారు. విరేచనాలు ఎంత ఎక్కువున్నా కట్టే మాత్ర ఒక్కటి కూడా ఇవ్వలేదు. అది ఇస్తే బయటికి పోవాల్సింది లోపలే నిలిచిపోతుంది, ఎంత నీరు పోయిందో మనకి తెలియదు.

మామయ్య రిపోర్టులో కలరా రాలేదు. అంటే కలరా కాదా అని అడిగితే, అట్లా అనలేం, ముందురోజు సాయంత్రం షాపులో కొని వేసుకున్న మాత్ర వల్ల క్రిమి పెరగకపోయి ఉండొచ్చు అన్నారు. అదే రెండు రోజుల్లో మా వీధి నుంచే చేరిన ఇంకొకామె శాంపిల్‌లో విబ్రియో కలరే ఓ1, అంటే కలరా తెచ్చే రకమే వచ్చింది. ఆమె ఏ మాత్రా వేసుకోలేదు. డాక్టర్ చీటీ లేకుండా కౌంటర్ మీద యాంటీబయాటిక్ అమ్మడం ఎంత తప్పో నాకు ఇప్పుడు బాగా అర్థమైంది. ఆ ఒక్కామె కూడా కొనుక్కుని వేసుకుని ఉంటే మా వీధి నీళ్ళ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఎందుకంటే, పేరు అవసరం పడేది ఇక్కడే. రోగికి మొదటి గంటల్లో పేరుతో పనిలేదు, వీధికి ఉంది. మామూలు గ్యాస్ట్రోఎంటరైటిస్ అని రాస్తే ఇంటికి పంపేస్తారు. కలరా అన్న రిపోర్టు వస్తే ఆస్పత్రి జిల్లా వ్యాధుల నిఘా విభాగానికి చెప్పి తీరాలి. చెప్పారు. మర్నాడే ఏఎన్ఎమ్, ఆశా వర్కర్లు ఇంటింటికీ వచ్చి ఎవరికి ఎప్పటి నుంచి అని రాసుకున్నారు, ఓఆర్ఎస్ పాకెట్లు, క్లోరిన్ మాత్రలు పంచారు. 20 లీటర్ల నీళ్ళకి ఒక మాత్ర, వేశాక అరగంట ఆగి తాగాలి. కొళాయి నీళ్ళు గొట్టంలో పట్టి చుక్కల మందు వేశారు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలట. మా కొళాయి నీళ్ళు తెల్లగానే ఉండిపోయాయి. వీధి మలుపులో పాత పైపు డ్రెయినేజీ కాలువని దాటే చోట జాయింట్ కారుతోంది. నీళ్ళు వదలని వేళల్లో పైపులో ఒత్తిడి ఉండదు కదా, అప్పుడు కాలువ నీళ్ళు అందులోకి లాక్కుంటుంది. వానలకి ఆ కాలువ నిండి పొర్లుతూ ఉంది.

మామయ్య ఇంటికొచ్చాక జనం ప్రవర్తన నన్ను బాధపెట్టింది. పాప స్కూల్లో పక్కన కూర్చోబెట్టొద్దన్నారట. రోజూ అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పే ఇద్దరు పెద్దవాళ్ళు దూరం నుంచే పలకరించి వెళ్ళిపోయారు. కలరా మనిషిని ముట్టుకుంటే రాదు. ఆ క్రిమి నీళ్ళతోనో తిండితోనో నోట్లోకి పోవాలి. మలం శుభ్రం చేశాక, వంటకి ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే సేవ చేసేవాళ్ళకి భయం లేదు. ఆ బట్టలన్నీ ఉతికింది నేనే, బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, తర్వాత మరిగించి. నాకేమీ కాలేదు. ఆ పెద్దాయన చావు అంచు దాకా వెళ్ళొచ్చి అరుగు మీద ఒక్కరే కూర్చుంటే చూడలేక నేనే వెళ్ళి ఆ ఇద్దరి ఇళ్ళలో ఇదంతా చెప్పి వచ్చాను. ఒకాయన ఆ సాయంత్రమే వచ్చారు. ఇంకొకాయన ఇంకా రాలేదు.

కిడ్నీలు ఎట్లా పని చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ మామయ్యకి మొదట బాగా పెరిగింది గానీ మళ్ళీ చేసిన పరీక్షలో మామూలుకి వచ్చింది. గంజి, చారన్నం, పెరుగన్నం దాటి ఇప్పుడు సంగటి కూడా తింటున్నారు. డిశ్చార్జి కాగితంలో ఆయన జబ్బు పేరు అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్, తీవ్రమైన డీహైడ్రేషన్ అనే ఉంది. కారుతున్న జాయింట్ దగ్గర పైపు మార్చారు, మలుపు నుంచి గుడి దాకా ఉన్న పాత పైపు ఇంకా మార్చాలి. ఆశా అమ్మాయి వారానికోసారి వచ్చి కొళాయి నీళ్ళు గొట్టంలో పట్టి చూస్తోంది, పసుపు రంగు వస్తోంది. అయినా ఆ మిగతా పైపు కూడా మార్చేదాకా తాగే నీళ్ళు తెర్లకాచే తాగుతున్నాం.